‘హైదరాలీ దండులోని కత్తి’ అంటే నమ్మేదెట్లా? పాత ఆయుధాలు, పతకాలు కొనేముందు అమ్మేవాళ్ళ కథను తేల్చుకునే పద్ధతి

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి పదేపదే వచ్చే ప్రశ్న ఇది: “పాత సామాన్ల అంగట్లో ఒక కత్తి చూశాం. హైదరాలీ కాలం నాటిదంట. లక్షన్నర చెబుతున్నారు. తీసుకోవచ్చా?” కత్తికి బదులు ఒక్కోసారి ఫిరంగి గుండు ఉంటుంది, ఒక్కోసారి మొదటి ప్రపంచ యుద్ధం పతకం, ఇత్తడి దుర్భిణి ఉంటాయి. అడిగే తీరు మాత్రం మారదు.

అందులో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. వస్తువు ఎంత పాతది? దానికి చెప్పే కథ నిజమా? ఈ రెంటినీ కలిపేసుకున్న చోటే డబ్బు పోతుంది. నూటయాభై ఏళ్ళ నాటి మామూలు తల్వారు (వంపు తిరిగిన కత్తి) అసలుదే కావచ్చు, దానికి తగిలించిన హైదరాలీ కథ మాత్రం నిరుడు పుట్టి ఉండొచ్చు. అమ్మేవాళ్ళు మీకు తుప్పు చూపిస్తారు, లక్క చూపిస్తారు, పాతదని ఒప్పిస్తారు. ఆ ఒప్పుకోలు మీదే కథకు కూడా ధర కట్టేస్తారు. మామూలు తల్వారుకు ఉండే ధర వేరు, పేరున్న మనిషి తల్వారుకు ఉండే ధర వేరు.

మన వైపు ఇలాంటి కథలు సులువుగా అతుక్కుంటాయి, ఎందుకంటే చరిత్ర నిజంగానే ఇక్కడ జరిగింది. మైసూరు పాలకుడు హైదర్ అలీ 1782 డిసెంబరులో చనిపోయింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలో, తన దండులోనే. గుర్రంకొండ కోట హైదర్, ఆయన కొడుకు టిప్పుల చేతిలో ఉండింది. చిత్తూరు పాలెగాళ్ళు 19వ శతాబ్దం మొదట్లో కుంపిణీ (ఈస్ట్ ఇండియా కంపెనీ) మీద తిరగబడ్డారు. చంద్రగిరి, కార్వేటినగరం, పుంగనూరు, శ్రీకాళహస్తి పేర్లు వినని ఇల్లు లేదు. ఆ దండు ఇక్కడ దిగిందనేది నిజం. మీ చేతిలోని కత్తి ఆ దండులో ఉండిందనేది మాత్రం విడిగా రుజువు కావాలి.

ముందు చట్టం సంగతి

నూరేళ్ళు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం వర్తిస్తుంది. వాటిని వ్యాపారంగా అమ్మేవాళ్ళకు లైసెన్సు ఉండాలి, అమ్మకాల రికార్డు ఉంచాలి. ప్రైవేటు మనుషులు వాటిని దేశం దాటించకూడదు. కాబట్టి “దుబాయ్‌లో మీ అన్నకు పంపుకోండి, నాలుగింతలు వస్తుంది” అన్నవాళ్ళ దగ్గర బేరం అక్కడితో ఆపేయండి.

తుపాకులకు, కత్తులకు 1959 ఆయుధాల చట్టం ఉంది. “పాతది కదా సామీ, లైసెన్సు అక్కర్లే” అనే మాట సగమే నిజం. తుపాకుల విషయంలో మినహాయింపు కాలం చెల్లిన రకానికో, పురాతన విలువ ఉన్నదానికో, పాడైనదానికో ఉంది. అదికూడా బాగు చేసినా, చేయకున్నా పేలే వీలు లేనిదైతేనే. గొట్టం గట్టిగా ఉన్న నాటు తుపాకీ ఆ లెక్కలోకి రాకపోవచ్చు. పొడవాటి కత్తుల విషయంలో ప్రాంతాన్ని బట్టి ప్రభుత్వ నోటిఫికేషన్లు ఉంటాయి. డబ్బు కట్టకముందే మీ పోలీస్ స్టేషన్‌లో ఫోటోతో సహా రాతపూర్వకంగా అడగండి.

“నేల దున్నుతుంటే దొరికింది” అంటే ఇంకో చట్టం వస్తుంది. 1878 నిధినిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన పది రూపాయలకు మించిన విలువైన పాత నిధిని కలెక్టరుకు తెలపాలి. ఆ కథ నిజమైతే వస్తువును అమ్మే హక్కు ఆ మనిషికి ఉందా అనే ప్రశ్న వస్తుంది. అబద్ధమైతే ఆ ధరకు ఆధారమే లేదు. ఎటు చూసినా మీకు నష్టమే.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- 10 రెట్లు పెద్దది చేసి చూపే చేతి లూప్ (చిన్న భూతద్దం). ఇది లేకుండా వెళ్ళొద్దు.
- చిన్న గట్టి అయస్కాంతం, వెర్నియర్ క్యాలిపర్, టేపు.
- చేతికి వేలాడదీసి తూచే డిజిటల్ కాటా.
- తెల్ల వెలుతురు టార్చి. కాగితాల కోసం 365 నానోమీటర్ల యూవీ టార్చి.
- దూది పుల్లలు, సర్జికల్ స్పిరిట్, మెత్తటి గుడ్డ.
- ఫోను, నోటుపుస్తకం.

చింతపండు, ఉప్పుకాగితం, బ్రాసో తీసుకెళ్ళొద్దు. అమ్మేవాళ్ళు “తోమి చూపిస్తా” అన్నా వద్దనండి. పైపొర పోతే అసలుదానికి విలువ పోతుంది, నకిలీ అయితే దొరకాల్సిన సాక్ష్యం పోతుంది.

1. కథను వాళ్ళ మాటల్లోనే రాసుకోండి

వస్తువును ముట్టుకోకముందే నోటుపుస్తకం తీయండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుని తిరిగి చదివి వినిపించండి. చాలా కథలు ఈ అడుగు దగ్గరే మెత్తబడతాయి.

“సామీ, ఇది హైదరాలీ దండులోది. నరసింగరాయనిపేట దగ్గర ఒక పెద్దాయన ఇంట్లో ఉండె.”

“ఏ ఊరన్నా? ఆయన పేరేంది? మీరు కొనింది ఏ సంవత్సరం? ఆయనకు ఎట్లా వచ్చిందంట? రాసిచ్చినారా?”

గొంతు పెంచి అడగొద్దు. జవాబు వచ్చేదాకా ఆగండి. నిజంగా తెలిసిన మనిషి “అంతవరకు నాకు తెలీదు సామీ, ఫలానా ఆయన దగ్గర కొన్యా” అంటాడు. అది మంచి జవాబు. కథ కట్టేవాళ్ళు ప్రతి ప్రశ్నకూ కొత్త వివరం కలుపుతారు: ముందు దండు, తర్వాత సేనాపతి, ఆ తర్వాత హైదరాలీ చేతి కత్తే అవుతుంది. రెండు మూడు రోజుల తర్వాత ఇంకొకరిని పంపి అదే వస్తువు గురించి అడిగించండి. రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి.

2. చేతులు మారిన వరుస గీయండి

ఒక కాగితం మీద నిలువు గీత గీసి, కింద ఈ రోజు, పైన 1782 రాయండి. మధ్యలో వస్తువు ఎవరెవరి చేతుల్లో ఉండిందో, ఏ సంవత్సరాల్లో ఉండిందో, దానికి ఏ కాగితం ఉందో పెట్టుకుంటూ రండి. 240 ఏళ్ళకు పైగా కాలం ఇది, ఎనిమిది తొమ్మిది తరాలు. మామూలుగా చివరి ఇద్దరి పేర్లే వస్తాయి, వాటిలో ఒకటి అంగడిదే.

రుజువు ఎలా ఉంటుందో తెలియాలంటే 2023 మేలో లండన్ బోనమ్స్ వేలంలో కోటీ 40 లక్షల పౌండ్లు దాటి పోయిన టిప్పు కత్తిని చూడండి. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక బ్రిటిష్ సైన్యం దాన్ని మేజర్ జనరల్ డేవిడ్ బేర్డ్‌కు బహూకరించింది. టిప్పు చేతి నుంచి బేర్డ్ చేతికి మారిన ఆ ఒక్క మెట్టు గట్టిగా ఉండబట్టే ఆ ధర. మీ ముందున్న కత్తికి అలాంటి మెట్టు ఒక్కటైనా ఉందా?

ఖాళీలు ఉండటం తప్పు కాదు, చాలా అసలు వస్తువులకూ కాగితాలు ఉండవు. కానీ ఖాళీ ఉన్నప్పుడు పేరున్న మనిషికి డబ్బు కట్టకూడదు. “పాత దక్కన్ తల్వారు, ఎవరిదో తెలియదు” అనే ధరకే బేరం దిగాలి.

3. కాగితాలను చదవండి, ఆ తర్వాత వెలుతురులో చూడండి

కాగితం చూపగానే చాలామంది వస్తువును మరిచిపోతారు. కాగితమే ముందు అనుమానించాల్సింది, ఎందుకంటే కత్తి చేయడం కంటే కాగితం చేయడం సులువు.

మొదట తేదీలకూ పేర్లకూ పొంతన చూడండి. మన జిల్లాకు పనికొచ్చే గుర్తులు ఇవి:

- చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చిత్తూరు ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. 1890 తేదీ వేసి “చిత్తూరు జిల్లా” అని రాసిన బహుమతి పత్రం నిలబడదు.
- ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1, ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4.
- పిన్ కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. 1950 నాటి లెటర్‌హెడ్ మీద 517501 ఉంటే అది తర్వాత అచ్చువేసింది.
- రూపాయికి నూరు పైసల లెక్క 1957 ఏప్రిల్ 1 నుంచి. అంతకుముందు అణాలు, పైలు. 1940 రశీదులో “50 పైసలు” ఉండదు.
- మద్రాసు పేరు అధికారికంగా చెన్నై అయింది 1996లో.
- బాల్ పెన్ను రాత 1945కు ముందు కాగితం మీద ఉండకూడదు. ఇంకు పెన్ను గీత లూప్‌లో అంచుల్లో పీచులోకి పాకి కనిపిస్తుంది. బాల్ పెన్ను గీత కాగితంలో గాడి చేసి, మధ్యలో ఖాళీ చారలు వదులుతుంది.

తర్వాత గదిలో లైటు ఆపి యూవీ టార్చి వేయండి. 1950 ప్రాంతం నుంచి కాగితాల్లో తెల్లదనం కోసం కలిపిన రసాయనం నీలిరంగు తెలుపులో మెరుస్తుంది. అంతకుముందు కాగితం ఆ వెలుతురులో మెరవకుండా మసకగా, పసుపుగానో గోధుమరంగుగానో ఉంటుంది. ప్లాస్టిక్ కవరు కూడా మెరవొచ్చు, దాన్ని తీసి చూడాలి. మెరవకపోతే పాతదని అర్థం కాదు, పాత లెడ్జర్ల ఖాళీ పేజీలు కోసి వాడేవాళ్ళున్నారు. అలాంటప్పుడు కాగితం పాతదే, రాత కొత్తది. మడత మీదుగా పోయిన అక్షరాన్ని లూప్‌లో చూడండి. మడత పడ్డాక రాసి ఉంటే ఇంకు విరిగిన పీచుల్లోకి చెదిరిపోయి ఉంటుంది.

టీ డికాక్షన్‌తో పాతబరిచిన కాగితంలో రంగు అంచుల దగ్గర గీత కట్టి ఆగుతుంది, రెండు వైపులా ఒకేలా ఉంటుంది. కాలం తెచ్చిన పసుపు గాలి, వెలుతురు తగిలిన అంచుల్లో ఎక్కువ, లోపలి మడతల్లో తక్కువ.

4. కత్తిని పరీక్షించండి

అందరూ ఎక్కువగా అడిగేది దీని గురించే కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

ముందు చేతిలోకి తీసుకోండి. పాత తల్వారు పిడి మన చేతికి ఇరుకుగా ఉంటుంది. పట్టు భాగం ఏడెనిమిది సెంటీమీటర్లకు మించదు, వెనక చక్రంలాంటి బిళ్ళ మణికట్టుకు తగులుతుంది. కత్తి మొత్తం బరువు సాధారణంగా ఒక కిలోకు అటూ ఇటూ. కిలోన్నర తూగి ముందుకు వాలిపోతుంటే గోడకు తగిలించడానికి చేసినదేమో చూడాలి.

వెర్నియర్‌తో అలుగు (పిడి కాక మిగిలిన కత్తి భాగం) వీపు మందం మూడు చోట్ల కొలవండి: పిడి దగ్గర, మధ్యలో, మొనకు నాలుగు వేళ్ళ ఇవతల. కొలిమిలో సాగగొట్టిన అలుగు మొదట్లో ఐదారు మిల్లీమీటర్లుండి, మొన వైపు రెండు మూడుకు సన్నబడుతుంది. మూడు చోట్లా ఒకే కొలత వస్తే అది రేకు నుంచి కోసిన అలుగు. నకిలీలను పట్టించే పరీక్షల్లో అన్నిటికంటే నమ్మదగ్గది ఇదే, ఎందుకంటే ఈ పని దొంగతనంగా చేయాలంటే నిజంగా కమ్మరి పని వచ్చి ఉండాలి.

పిడిలోకి పోయే తోకను పాతకాలంలో లక్క, రెసిన్ ముద్దతో బిగించేవాళ్ళు. అలుగు పిడిలోకి దిగేచోట టార్చి వేసి చూడండి. నల్లగానో ముదురు ఎరుపుగానో పగుళ్ళిచ్చిన ముద్ద ఉంటే మంచిదే. నట్టు, మరలు, గ్యాస్ వెల్డింగు బొడిపెలు, మెరిసే ఎపాక్సీ ఉంటే ఆ కూర్పు కొత్తది. ఒక జాగ్రత్త: పాత అలుగుకు తర్వాతి కాలంలో వేరే పిడి వేయడం పూర్వం నుంచే ఉంది. అది మోసం కాకపోవచ్చు. కానీ “మొత్తం ఒకే కత్తి, ఒకే మనిషిది” అన్న కథ మాత్రం పడిపోతుంది.

తుప్పు చూడండి. కాలం మీద పట్టిన తుప్పు ముదురు గోధుమ నలుపులో, లోహానికి అంటుకుపోయి ఉంటుంది, గుంటలు చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. ఉప్పు, ఆసిడ్‌తో నెలలో తెప్పించిన తుప్పు నారింజ రంగులో పొడిపొడిగా ఉండి వేలికి అంటుతుంది. దాన్ని దాచడానికి నల్ల బూట్ పాలిష్ పూస్తారు. కనిపించని మూల ఒకచోట స్పిరిట్ తడిపిన దూది పుల్ల రుద్దండి. నల్లగా, మైనం జిడ్డుతో వస్తే అది పూత. తర్వాత పిడి లోపలి వంపుల్లో, చేయి తగలని చోట్ల చూడండి. అక్కడ గ్రైండర్ చక్రం వదిలిన వంపు గీతలు వరసగా కనిపిస్తే పని ఈ కాలానిది. ఆకురాయి గీతలు తిన్నగా, పొట్టిగా, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి.

“ఉక్కు నీళ్ళ చారల కత్తి” అని, దక్కన్ మూస ఉక్కు (మట్టి మూసలో కరిగించి తీసిన ఉక్కు) అని ఎక్కువ ధర చెబుతారు. అసలు మూస ఉక్కులో చారలు లోహంలోనే ఉంటాయి, అరిగినచోట, గుంటల అంచుల్లో కూడా ఆ నడక ఆగదు. ఆసిడ్‌తోనో లేజర్‌తోనో వేసిన నమూనా పైపొరలోనే ఉంటుంది, గుంటలోకి దిగదు. ఒకే ఆకారం కొలిచినట్టు మళ్ళీ మళ్ళీ వస్తుంది. పిడి మీద బంగారు పని ఉంటే లూప్‌లో రాలిన చోటు వెతకండి. అసలు కోఫ్త్‌గరీ పనిలో ఇనుము మీద ముందు సన్నటి అడ్డదిడ్డ గీతలు గీసి, వాటిలోకి బంగారు తీగను కొట్టి దించుతారు. బంగారం పోయినచోట ఆ గీతలు బయటపడాలి. నున్నటి ఇనుము కనిపిస్తే అది మెరుగో రంగో.

అయస్కాంతం అంటని, తుప్పు లేని తెల్లటి అలుగు స్టెయిన్‌లెస్ కావచ్చు. ఆ లోహం 1913కు ముందు లేదు. అంటినంత మాత్రాన పాతదని కాదు.

5. అలుగు మీది రాతను పట్టి చూడండి

పేరు చెక్కి ఉండటమే రుజువని చాలామంది అనుకుంటారు. ఇంగ్లీషులో “టిప్పు సుల్తాన్ 1782” అని కొట్టిన కత్తి చూపిస్తే ఆలోచించాల్సిన పనే లేదు. ఆ ఆస్థానం రాతలు పారశీకంలో ఉండేవి.

పారశీక అక్షరాలు ఉంటే లూప్‌తో ఈ పని చేయండి. తుప్పు గుంట ఒకటి అక్షరాన్ని కోసుకుపోయిన చోటు వెతకండి. గుంట అక్షరం గీతను తినేసి ఉంటే, అక్షరం ముందు, తుప్పు తర్వాత. అక్షరం గాడి గుంటలోకి దిగి, అడుగున లోహం మెరుస్తూ మళ్ళీ పైకి వస్తే, తుప్పు ముందు, అక్షరం తర్వాత. అంటే పాత కత్తి మీద కొత్త పేరు. అలుగు మీద ఇలాంటి కూడలి ఒక్కటి దొరికినా చాలు. ఫోను కెమెరాను లూప్‌కు ఆనించి ఫోటో తీసుకోండి.

సంవత్సరం ఉంటే లెక్క కట్టండి. హిజ్రీ అంకెను 0.97తో గుణించి 622 కలిపితే దాదాపు క్రీస్తు శకం వస్తుంది. 1197 అయితే 1783 దగ్గరికి, అంటే హైదర్ చివరి రోజుల దగ్గరికి వస్తుంది. 1205 ఉండి “హైదరాలీ ఇచ్చాడు” అంటే అది 1791, ఆయన చనిపోయి ఎనిమిదేళ్ళు దాటింది. టిప్పు వస్తువులకు ఇంకో మెలిక ఉంది: 1787 ప్రాంతం నుంచి ఆయన మౌలూది అనే సొంత లెక్క వాడాడు, అంకెలు కుడి నుంచి ఎడమకు రాయించాడు. నకిలీ చేసేవాళ్ళు దీన్ని మరిచిపోతారు, కొనేవాళ్ళు అసలు అంకెనే తప్పుగా చదువుతారు. చదవడం వచ్చినవాళ్ళకు ఫోటో పంపేటప్పుడు అమ్మేవాళ్ళు చెప్పిన కథ చెప్పకండి. చెబితే వాళ్ళ కన్ను ఆ పేరునే వెతుకుతుంది.

పులి చారల గుర్తు ఉంటే చాలు, అది టిప్పుదే అనుకోకండి. ఆ గుర్తు ఇప్పుడు అందరికీ తెలుసు కాబట్టే అందరూ వేస్తున్నారు.

6. ఫిరంగి గుండు: కాటా, వెర్నియర్ చాలు

ముందు హెచ్చరిక. గుండుకు రంధ్రం, మూత, బిరడా లాంటిది కనిపించినా, ఉండాల్సిన దానికంటే బాగా తేలికగా ఉన్నా అది బోలు గుండు కావచ్చు, లోపల మందు ఉండొచ్చు. కోయొద్దు, రంధ్రం వేయొద్దు, వేడి తగలనివ్వొద్దు, బండిలో వేసుకుని రావొద్దు. దూరం జరిగి 112కు ఫోన్ చేయండి. ఇనుప గొట్టాల రాకెట్లకూ ఇదే వర్తిస్తుంది. 2018లో షిమోగా జిల్లా నగర కోట దగ్గరి బావిలో వెయ్యికి పైగా దొరికిన మైసూరు రాకెట్లలో మందు ఇంకా ఉంది.

గట్టి గుండు అయితే వ్యాసం సెంటీమీటర్లలో మూడు దిక్కుల కొలిచి సగటు తీయండి. దాన్ని దానితోనే మూడుసార్లు గుణించి (8.9 అయితే 8.9 × 8.9 × 8.9), వచ్చినదాన్ని 3.77తో గుణిస్తే పోత ఇనుము బరువు గ్రాముల్లో వస్తుంది. 8.9 సెంటీమీటర్ల గుండు అయితే సుమారు 2,660 గ్రాములు, అంటే ఆరు పౌన్ల ఫిరంగి గుండు. అదే కొలత ఉక్కు గుండు 2,900 దాకా తూగుతుంది. సిమెంటు ఫ్యాక్టరీల్లో, ఖనిజం పిండిచేసే మిల్లుల్లో అరిగిపోయి బయటపడే ఉక్కు గుండ్లే ఫిరంగి గుండ్లుగా ఎక్కువగా చెలామణి అవుతాయి. సరిగ్గా 4 కిలోలు, 7.26 కిలోలు తూగితే అది స్కూలు, కాలేజీ షాట్‌పుట్.

పోత జోడు గీత (అచ్చు రెండు సగాలు కలిసినచోట పడే గీత) ఉందని నమ్మొద్దు, మిల్లు గుండ్లలో పోత పోసినవీ ఉన్నాయి. కొలత, బరువు రెండూ కుదిరితే అది ఫిరంగి గుండు కావచ్చు, అంతవరకే. ఏ యుద్ధంలోదో గుండు చెప్పదు. దొరికిన చోటు రికార్డు లేకపోతే “పొల్లిలూరు యుద్ధం గుండు” అన్న మాటకు రూపాయి కూడా కలపనక్కర్లేదు.

7. పతకాలు

ఇక్కడ మోసం ఎక్కువ, రుజువు కూడా ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ వెండిది, 36 మిల్లీమీటర్ల వ్యాసం. కూలీ దళాల్లోనూ అనుచరులుగానూ పనిచేసినవాళ్ళకు కంచుది ఇచ్చారు. నంబరు, హోదా, పేరు, దళం అంచు మీద ఉంటాయి.

అంచును వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలవండి. పేరు ఉన్న చోట 36 కంటే తగ్గితే పాత పేరును ఆకురాయితో తీసి కొత్తది కొట్టారని అనుమానించాలి. అక్షరాలన్నీ ఒకే లోతులో, ఒకే తీరులో ఉండాలి. గోకినట్టుగా, చేత్తో చెక్కినట్టుగా ఉంటే ఆగండి.

దళం పేరును తేదీతో పోల్చండి. 75వ, 79వ కర్ణాటిక్ పదాతి దళాల్లాంటి పేర్లు 1903 సంస్కరణలతో వచ్చాయి, 1922 ప్రాంతపు పునర్వ్యవస్థీకరణతో పోయాయి. రెండో ప్రపంచ యుద్ధం పతకం మీద “79 కర్ణాటిక్” ఉంటే పొసగదు.

చనిపోయిన సైనికుడని చెబితే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు ఉచితంగా వెతకొచ్చు. అందులో మరణించినవాళ్ళే ఉంటారు, బతికి వచ్చినవాళ్ళు ఉండరు. శౌర్య పతకమైతే లండన్ గెజెట్ పాత సంచికల్లో, జాతీయ అభిలేఖాగారం వాళ్ళ అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్‌లో చూడండి. మన పేర్లను ఇంగ్లీషులో పది రకాలుగా రాశారు కాబట్టి నంబరుతోనే వెతకండి.

మీ సొంత ఇంటి పతకమే తిరిగి కొనాలనుకుంటే, తాతగారి డిశ్చార్జి కాగితం మీద నంబరు ఉందేమో ముందు వెతకండి. పేరు ఒకటే అయినంత మాత్రాన మనిషి ఒకడే కాడు.

8. దుర్భిణులు, దిక్సూచులు, తుపాకులు

“కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917” అని చెక్కిన ఇత్తడి దిక్సూచి ప్రతి ఊళ్ళోనూ ఉంది. ఆ రెండు పేర్లూ ఒకే కంపెనీగా కలిసింది 1947లో. ఇక మాట్లాడుకోనక్కర్లేదు.

తుపాకీ మీద కుంపిణీ ముద్ర చూపిస్తే, హృదయం ఆకారపు గుర్తు ముందుది, నిలబడిన సింహం 1808 తర్వాతది అని గుర్తుంచుకోండి. “1780లో వాడింది” అని సింహం ఉన్నది చూపిస్తే కథ తప్పు. చెక్కలోని మరలు ఒకటి విప్పించండి. మొన కూచిగా ఉంటే 1840ల చివరి తర్వాతి మర. అంతకుముందువి మొద్దు మొనతో, తలలో గాడి పక్కకు జరిగి ఉండేవి. ప్లస్ గుర్తు మర ఉంటే చెప్పాల్సింది లేదు. ఏ పాత తుపాకీనైనా లోడు చేసినదిగానే భావించి గొట్టాన్ని మనిషి వైపు తిప్పొద్దు.

రాగి చెంబుకు “మిలిటరీ వాళ్ళ ఇరిడియం” అనో “రైస్ పుల్లింగ్” (బియ్యం గింజల్ని లాక్కుంటుంది) అనో పేరు పెడితే అది పురావస్తువు సంగతి కాదు, నేరుగా మోసం. అక్కడ పరీక్షలేమీ చేయకండి, బయటికి వచ్చేయండి.

9. అసలువి చూసి కన్ను సరిచేసుకోండి

నకిలీలు ఎన్ని చూసినా కన్ను తయారు కాదు. మద్రాసు సెయింట్ జార్జి కోట మ్యూజియంలో కుంపిణీ ఆయుధాలు, పతకాలు ఉన్నాయి. ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియం, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదులూ చూడండి. దగ్గర్లో చంద్రగిరి రాజమహల్‌లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. పిడి కొలతలు, అలుగు వంపు, తుప్పు రంగు ఎలా ఉంటాయో అక్కడ గంటసేపు గమనించి, ఆ తర్వాత అంగడికి వెళ్ళండి. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చరిత్ర, పురావస్తు విభాగం వాళ్ళను అడగొచ్చు. ఉత్తర ఆర్కాటు కాలం రికార్డులకు ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్ చూడాలి.

అంగడివాళ్ళే తెచ్చిన “నిపుణుడి సర్టిఫికెట్” లెక్కలోకి తీసుకోకండి. అందులో కొలతలు, ఫోటో, ఏ పరీక్ష చేశారు అన్నది లేకపోతే అది ఉత్త లెటర్‌హెడ్.

10. బేరం, రశీదు

మీరు తేల్చుకున్నదానికి మాత్రమే ధర చెప్పండి. “కత్తి పాతదే అన్నా. హైదరాలీది అన్నదానికి కాగితం లేదు. ఉట్టి తల్వారు ధర చెప్పండి.” నిజంగా వ్యాపారం చేసుకునేవాళ్ళకు ఈ మాట కోపం తెప్పించదు. “వేరే పార్టీ అడ్వాన్సు ఇచ్చింది, సాయంత్రంలోగా చెప్పండి” అంటే సాయంత్రం దాటనివ్వండి.

కొంటే రశీదులో ఇవన్నీ రాయించుకోండి: వస్తువు పేరు, పొడవు, బరువు, ముద్రలు, అంగడి లైసెన్సు నంబరు, కథలో వాళ్ళు ఖాయంగా చెప్పిన ప్రతి మాట, “చెప్పినట్టు కాదని తేలితే ఇన్ని రోజుల్లో డబ్బు వాపసు” అన్న వాక్యం, సంతకం, తేదీ. నోటితో ఖాయంగా చెప్పి రశీదులో “పాత ఇనుప కత్తి - 1” అని రాస్తే, ఆ రాసిందే వాళ్ళు నమ్మేది అనుకోండి. డబ్బు బ్యాంకు ద్వారా కట్టండి. మోసం తేలితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ళలోపు వెళ్ళొచ్చు, అక్కడ నిలబడేది ఈ రశీదే.

తరచూ జరిగే పొరపాట్లు

ఒక పరీక్ష నెగ్గితే అన్నీ నెగ్గినట్టు అనుకోవడం అన్నిటికంటే పెద్దది. అయస్కాంతం అంటింది, తుప్పు బాగుంది, కాబట్టి కథ నిజం అనేస్తారు. పరీక్షలు వస్తువు నకిలీ అని తేల్చగలవు. ఫలానా మనిషిదని తేల్చేది చేతులు మారిన వరుస ఒక్కటే.

ఇంకొకటి, కుటుంబం మాటను కాగితంతో సమానంగా చూడటం. ఇంటి పెద్దలు అబద్ధం చెబుతున్నారని కాదు. మూడు తరాల్లో “గుర్రంకొండ నుంచి వచ్చింది” అన్నది “గుర్రంకొండ కిల్లేదారుది (కోట అధికారిది)” అవుతుంది. అలా విన్నది విన్నట్టు, ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో రాసుకోండి. దానికి ఆ మేరకే విలువ ఇవ్వండి.

ఇంటికి వచ్చాక తోమేయడం మూడోది. పొడి గుడ్డతో తుడిచి, పలచగా యంత్రాల నూనె రాసి, తోలు ఒరలోంచి తీసి విడిగా పెట్టండి. తోలులోని తేమ, ఆమ్లం అలుగును తింటాయి.

చివరగా సరిచూసుకోవడం

డబ్బు కట్టే ముందు రోజు నోటుపుస్తకం తీసి మూడు నిలువు గడులు గీయండి. మొదటి దాంట్లో అమ్మేవాళ్ళు చెప్పిన ప్రతి మాటా ఒక్కో వరుసలో రాయండి. రెండో దాంట్లో దానికి మీరు స్వయంగా చూసిన ఆధారం, మూడో దాంట్లో దానికి ఎదురు తగిలే ఆధారం రాయండి. రెండో గడి ఖాళీగా ఉన్న వరుసలన్నిటినీ కొట్టేయండి. మిగిలిన వరుసలను బిగ్గరగా చదవండి. ఇప్పుడు మీరు కొంటున్న వస్తువు పేరు అది. అదే పేరు రశీదు మీద రాయించి, ఆ పేరుకే ధర కట్టండి. కొట్టేసిన వరుసలున్న ఆ కాగితాన్ని కూడా రశీదుతో పాటు ఫైలులో పెట్టండి, రేపు మీ పిల్లలు అమ్మాల్సి వస్తే వాళ్ళు ఏం చెప్పకూడదో వాళ్ళకు తెలియాలి.